సద్దికాపలా

మా సింహాద్రిపురం మండలం మొత్తానికి విమానం నడిపినవాడు ఒక్కడే, చిన్నసుబ్బయ్య కొడుకు శివప్రసాద్. ఒకసారి బెంగుళూరు నుంచి వస్తూ వస్తూ, ఇంత దూరం వచ్చి నాయనను చూడకుండా పోతే ఏం బాగుంటుందని, మా చీనీతోటల మీద, అంటే బత్తాయి తోటల మీద, విమానాన్ని ఎంత కిందికి దించాడంటే, గట్టు మీద నిలబడి తలెత్తి చూస్తున్న చిన్నసుబ్బయ్య తలగుడ్డ లేచిపోయి రెక్కకు చుట్టుకుంది. అట్లాగే హైదరాబాదు దాకా పోయింది. అక్కడ దాన్ని విప్పి, ఉతికి, ఇస్త్రీ చేసి, మడత మీద కంపెనీ ముద్ర కొట్టి బస్సులో తిప్పి పంపించారు. చిన్నసుబ్బయ్యను అడిగితే ఇప్పటికీ ఆ ముద్ర చూపిస్తాడు.

అటువంటి మొనగాడు, పనిచేసే కంపెనీ మూతపడి, ఈ ఎండాకాలం మొదట్లో పెళ్ళాం గీతాంజలితో సహా వచ్చి నాయన ఇంట్లో దిగాడు. గీతాంజలి పులివెందులలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పడానికి కుదిరింది. శివప్రసాద్‌కు కుదరడానికి పులివెందులలో విమానాలు లేవు. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని, సెల్లులో వచ్చిన కాగితాన్ని పైకీ కిందికీ జరుపుతూ ఉండేవాడు. సముద్రం అవతల చవక టికెట్ల విమాన కంపెనీ ఒకటుంది. పైలెట్లను అది నేరుగా పెట్టుకోదు. నడుమ ఒక ఏజెన్సీ తెచ్చి ఇస్తుంది. ఆ ఏజెన్సీ కాగితం అది. శుక్రవారం ఫోనులో మాట్లాడతారు. ఆ షరతులకు అతను ఒప్పుకుంటే కొలువు. ఒప్పుకోకపోతే నెలాఖరుకు అతని పరీక్ష గడువు తీరిపోతుంది. పైలెట్లను అప్పుడప్పుడూ ఉత్తుత్తి విమానంలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టాలి. గడువు దాటినవాడిని మళ్ళీ ముట్టుకునే కంపెనీ దొరకడం కష్టం. అంటే ఆ కాగితం వద్దంటే, బహుశా ఇక ఆకాశమే వద్దన్నట్టు.

చిన్నసుబ్బయ్య ఒకప్పుడు గొర్రెలు మేపినవాడు. మంద అమ్మేసి, చీనీకాయల కోతకు మనుషులను తోలే మేస్త్రీ అయ్యాడు. చేతిలో కట్టె మాత్రం మారలేదు. తెల్లారేసరికి ఇంటి ముందు ట్రాలీ బండి ఆగుతుంది. ఒక్కొక్కరే ఎక్కుతుంటే కట్టె కొసతో భుజాన్ని ముట్టి లెక్క పెట్టుకుంటాడు, దొడ్డిలోంచి గొర్రెలను వదిలినట్టు. నోరు మంచిది కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ తాతముత్తాతలను కూడా లేపి తిడతాడు.

అయినా ఆయన గుంపులో ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా ఒళ్ళు బాగాలేదని కనబడితే, "ఈపొద్దు సద్దికాపలా నీది" అనేవాడు. అంతే. ఆ మనిషి చెట్టు నీడన అందరి సద్ది క్యారియర్ల పక్కన కూర్చుని కుక్కలనూ కోతులనూ అదిలిస్తూ ఉంటే చాలు, కాయలు కోసినట్టే లెక్క. జ్వరమని, నడుము పట్టిందని ఎవరూ అనరు. అడిగితే కాపలా అంటారు. కోతులు లేని తోటల్లో కూడా కాపలా ఉండేది.

"ఏం నాయనా శివా, మీ ఇమానం యాడన్నా పంచరయ్యిందా, రోజూ అరుగు మింద్నే ఉండావు?" అంది పీరాంబీ బండి ఎక్కుతూ. గుంపులో ఆమెకున్న చేతి నేర్పు ఎవరికీ లేదు. కాయను గుంజితే తొడిమ ఊడి తొందరగా కుళ్ళుతుంది, మెలిపెట్టి తుంచాలి. పీరాంబీ రెండు చేతులతో రెండు కాయలు ఒకేసారి మెలిపెట్టేది.

"టైరు మారుస్తాండారు అత్తా."

"బిరీన మార్పించుకోప్పా. ఈడనే ఉంటే మీ నాయన నిన్ను గూడా చెట్టు కిందికి తోల్తాడు."

బండి నిండా నవ్వారు. శివప్రసాద్ కూడా నవ్వి, బండి మలుపు తిరిగాక మళ్ళీ సెల్లు తీశాడు.

యూనుస్‌ది ప్రొద్దుటూరు. వాళ్ళది గాజుల అంగడి. శివప్రసాద్‌తో కలిసి విమానం నేర్చుకున్నవాడు, మూతపడిన కంపెనీలో కలిసి పనిచేసినవాడు. కంపెనీ మూతపడ్డ వెంటనే ఈ ఏజెన్సీ కాగితం మీదే సంతకం పెట్టి సముద్రం దాటాడు. అతను తిరిగి వచ్చాడని విని, సంగతేమిటో కనుక్కుందామని శివప్రసాద్ ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

కారం దోసెల హోటల్లో కుర్చీ లాక్కోబోతుంటే యూనుస్ అతన్ని చెయ్యి పట్టి రెండో వైపుకు తిప్పాడు.

"ఈ పక్క కూచో మామా. ఆ పక్క చెవి అంగడి మూసేసినా."

నవ్వుతూనే చెప్పాడు. జలుబు చేసింది. జలుబుతో విమానం ఎక్కకూడదని ఇద్దరూ చదువుకున్నదే. కానీ బాగాలేదని కబురు పెట్టినవాడి పేరు తర్వాతి వారం డ్యూటీల్లో కనబడదని అక్కడ అందరికీ తెలుసు.

"ముక్కులో చుక్కలేసుకోని ఎక్కినా. ఎక్కేటప్పుడు ఏం కాలా. దిగేటప్పుడు చెవిలో ఎవుడో మేకు కొట్టినట్లయ్యింది. కాలరు మీద రక్తం. పక్కన కెప్టెన్ చూసి, తుడుచుకో అని కాగితం గుడ్డ ఇచ్చినాడు. రెండో చెవికి హెడ్‌సెట్టు మార్చుకోని దించినాం."

"కెప్టెన్ ఏం అనలేదా?"

"ఆయప్ప గూడా ఏజెన్సీ మనిషే."

దోసెలు వచ్చాయి. యూనుస్ చిన్న చిన్న ముక్కలు తుంచి ఒక పక్క దవడతోనే నమిలాడు. గట్టిగా నమిలితే చెవి లాగుతుంది కాబోలు, మధ్యమధ్యలో ఆగి కళ్ళు మూసుకునేవాడు.

"ఏజెన్సీ వాళ్ళు రెండే లైన్లు రాసి పెట్టినారు. మీ సేవలకు థాంక్స్, ఆరోగ్యం చూసుకోండి అని. ఇప్పుడు నిన్ను పిలిచిన సీటు ఏదనుకున్యావ్? నాదే." నీళ్ళు తాగాడు. "ఒక్క సాయం చెయ్ మామా. డాక్టరు నయమైతాదంటాడు, టైం పడ్తాదంటాడు. ఆ ఇమానం తెలిసినోళ్ళు వాళ్ళకు శానా మంది దొరకరు. నువ్వు ఒప్పుకోకుంటే నా కోసం ఆగుతారు. ఇంట్లో ఇంగా చెప్పలా. లీవులో వచ్చినానని చెప్పినా."

తన పరీక్ష గడువు సంగతి చెప్పబోయాడు శివప్రసాద్. మంచి చెవి ముందుకు వచ్చేటట్టు యూనుస్ మెడ తిప్పి వింటూ ఉండటం చూసి ఆ మాట మింగేశాడు.

"జబ్బు చేస్తే జీతం ఇస్తామని రాయమంటా. రాయకుంటే రానంటా. వాళ్ళు యాడ రాస్తారు? నీ సీటు నీకే ఉంటాదిలే."

యూనుస్ ఎర్రకారం అంటిన వేళ్ళతోనే అతని చెయ్యి పట్టుకున్నాడు. సర్వరు పళ్ళేలు తీసుకుపోయినా వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. చిన్నసుబ్బయ్య వాకిట్లో కూర్చుని గంపల అంచులకు ప్లాస్టిక్ తాడు చుడుతున్నాడు. శివప్రసాద్‌ దారి పొడుగునా ఏజెన్సీని తిట్టుకుంటూనే వచ్చాడు. నాయనకు ఎదురుగా కూర్చుని, ఆ కాగితాన్ని ముక్క ముక్కకూ తెలుగు చేసి చదివాడు.

"విను నాయనా. నేను వాళ్ళ పనోణ్ణి కాదంట. నా యాపారం నేను చేసుకునేటోణ్ణంట."

"మరి ఇమానం ఎవురిది?"

"వాళ్ళదే."

"తోలేది యాడికి?"

"వాళ్ళు చెప్పిన తావుకే."

చిన్నసుబ్బయ్య తాడు బిగించి ముడి వేశాడు. "ఊ. చదువు."

"గుడ్డలు నేనే కుట్టించుకోవల్ల. పరీక్ష ఖర్చు నాదే. పిలిస్తే పోవల్ల, పిలవకుంటే ఎందుకని అడగగూడదు. ఇమానం ఎగిరినంతసేపే కూలి. వానకు నిలబడిపోతే ఊరికే కూచోవల్ల. జబ్బు చేస్తే ఆ పొద్దుకు మనిషి లెక్కలో లేనట్టే. యాడ పడిపోతే ఆడ్నించి ఇంటి దావ నేనే చూసుకోవల్ల."

"జబ్బుది మళ్ళా చదువు."

మళ్ళీ చదివాడు. చిన్నసుబ్బయ్య చేతిలో తాడు ఆగిపోయింది. కళ్ళు గంప మీద ఉన్నాయి గానీ చూపు అక్కడ లేదు. తన కష్టానికి నాయన మనసు కరిగిందనుకున్నాడు శివప్రసాద్.

"దీన్ని రాసినోడు శానా తెలివైనోడురా," అన్నాడు చిన్నసుబ్బయ్య చివరికి, మెచ్చుకోలుగా.

తెలివి మాట వచ్చింది గనుక ఇక్కడే చెప్పేస్తాను. తలగుడ్డ రెక్కకు చుట్టుకుందని మొదట్లో అన్నానే, అది ఒట్టిది. విమానం అంత కిందికి వస్తే తలగుడ్డలు కాదు, తలలే మిగలవు. దాన్ని ఎగరగొట్టుకుపోయింది సుడిగాలి. దొరికింది పక్కతోట కంచె మీద. ముద్ర ఇస్త్రీపెట్టె బొగ్గు మరక. శివప్రసాద్ నాయన కోసం ఏనాడూ దారి తిప్పలేదు; ఎటు పోవాలో, ఎంత ఎత్తున పోవాలో ఆ సీట్లో కూర్చున్నవాడి ఇష్టం కాదు. నాయన అడిగినప్పుడల్లా "ఈసారి వస్తాలే" అనేవాడు. చిన్నసుబ్బయ్య నమ్మి గట్టెక్కి నిలబడేవాడు. ఆ నిలబడటం మాత్రం నిజం.

మరుసటి పొద్దున, బండి ఎక్కబోతున్న వాళ్ళకు కట్టె అడ్డం పెట్టాడు.

"ఆగండి. ఈపొద్దు నుంచి మీరు కూలోళ్ళు కాదు."

"మరి దొరసాన్లమా అన్నా?" అంది పీరాంబీ. నవ్వులు లేచాయి.

"ఎవురి యాపారం వాళ్ళది. గంపలు మీరే తెచ్చుకోవల్ల. పిలిస్తే రావల్ల, పిలవకుంటే అడగగూడదు. లారీ రాక కోత నిలబడితే ఆ పొద్దు లెక్క లేదు. సద్దికాపలా ఎత్తేసినా. కూచున్నోళ్ళు లెక్కలో లేరు. లెక్కలో లేనోళ్ళకు బండి గూడా లేదు, వాళ్ళ దావ వాళ్ళు చూసుకోవల్ల."

నవ్వు ఒక మూల నుంచి ఆగుతూ వచ్చింది.

"ఇదేం పద్ధతన్నా?"

"ఇమానాల పద్ధతి. మావోడు చదివి చెప్పినాడు."

అందరూ అరుగు వైపు తిరిగారు. శివప్రసాద్ నోట్లో బ్రష్షు ఉంది. బడికి పోవడానికి బయటికి వచ్చిన గీతాంజలి గడప దగ్గర ఆగింది.

"మామా, అది అన్యాయమని చదివినాడు. మిమ్మల్ని చెయ్యమని కాదు."

"అన్యాయమైతే అంత చదువుకున్నోళ్ళు ఎట్ల సంతకం పెడ్తారమ్మా? ఆ యూనుసు పెట్టలేదా?"

గీతాంజలి మొగుడి వైపు చూసింది. పీరాంబీ కూడా చూసింది. "నిజమేనా నాయనా? మీ ఇమానాల్లో ఇట్లనేనా?"

శివప్రసాద్ నురగ ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. "నిజమే అత్తా."

అబద్ధం చెప్పలేదు. ఇంకో మాట కలిపి ఉండవచ్చు, కలపలేదు.

"అంత పెద్దోళ్ళే ఒప్పుకుంటే మనదేముండాదిలే," అంది వెనకనుంచి ఒక గొంతు. ఒక్కొక్కరే ఎక్కారు. కట్టె భుజాలను ముడుతూ పోయింది. పీరాంబీ ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కింది. కుడి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏందది?" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"గోరింటాకు," అంది పీరాంబీ.

శుక్రవారం కోత జమ్మలమడుగు దాటినాక ఒక తోటలో. కాయలు కొన్న షావుకారు లారీ పంపిస్తాడో లేదో తేల్చుకోవడానికి చిన్నసుబ్బయ్య ఎర్రగుంట్లకు పోవాల్సి వచ్చింది. "ఊరికే ఉండేదే గదా, గుంపును చూసుకో" అని కట్టెను కొడుకు చేతికిచ్చాడు. ఆ తోట మిట్ట మీద ఉంటుంది, సిగ్నలు బాగా పలుకుతుందని శివప్రసాద్ కూడా సరేనన్నాడు. ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని బండి ముందు సీట్లో కూర్చున్నాడు.

తోటలో పీరాంబీ ఒంటిచేత్తో కోసింది. ముల్లు విరిగి లోపలే ఉండిపోయి, అరచెయ్యి గుడ్డలోంచి పొంగి కనబడుతోంది. గంపను నడుము మీదికి ఎత్తుకోలేక కాలితో నెట్టుకుంటూ చెట్టు నుంచి చెట్టుకు పోయింది. ఎండ ముదిరాక ఒళ్ళు వణకడం మొదలైంది. కొంగు చెవుల మీదుగా బిగించుకుని, ఎవరూ చెప్పకుండానే, క్యారియర్లు పెట్టిన చెట్టు కిందికి వచ్చి కూర్చుంది. కాళ్ళకు అలవాటైన దారి.

"ఒక్క గడియ నాయనా," అంది.

"కూచో అత్తా," అన్నాడు శివప్రసాద్.

మోటారు కొట్టం వెనక చొక్కా మార్చుకుని, గోడకు సెల్లు ఆనించి, తల దువ్వుకున్నాడు. జబ్బు చేస్తే జీతం సంగతి ఎట్లా అడగాలో ఇంగ్లీషులో మాటలు పేర్చుకుని ఉన్నాడు. ఏజెన్సీ ఆడమనిషి తెర మీదికి వచ్చింది. చక్కగా నవ్వే మనిషి. నడిపిన విమానాల గురించి అడిగింది, చెప్పాడు. తర్వాత, ఒంట్లో బాగాలేదని ఎప్పుడైనా డ్యూటీకి రాకుండా ఉన్నారా అని అడిగింది.

ఆ మాటలు ఎత్తడానికి అంతకన్నా మంచి చోటు లేదు. శివప్రసాద్ నోరు తెరిచాడు.

"ఎప్పుడూ లేదండీ," అన్నాడు.

ఆమె తల ఊపి ఏదో టైపు చేసుకుంది. కాంట్రాక్టులో సందేహాలేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాడు. యూనుస్ మీ వైపు మనిషేనట, మళ్ళీ వస్తానని మెయిళ్ళు పెడుతున్నాడు, ఇప్పుడు ఎట్లా ఉన్నాడని అడిగింది, పక్కింటివాళ్ళ బాగోగులు అడిగినట్టు.

"ఒక చెవి వినబడటం లేదండీ. ఇప్పట్లో బాగయ్యేటట్టు లేదు."

మళ్ళీ టకటకమని శబ్దం. చాలా థాంక్స్ అంది ఆమె. కాగితాలు ఈరోజే పంపిస్తాం, సంతకం పెట్టేయండి అంది.

చొక్కా విప్పకుండానే కొట్టం ముందుకు వచ్చాడు. చీనీ ఆకుల వాసన గుప్పున తగిలింది. గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయి, ఊరికే రెండడుగులు అటూ ఇటూ వేశాడు. అప్పుడే నాయన ఫోను చేశాడు.

"లారీ రాదంట. కోత ఆపించి బండి తోలుకోనిరా. ఎవురన్నా కూచున్యారా?"

"పీరాంబత్త కూచునింది."

చెప్పడం అంత సులువుగా వచ్చింది. అవతల లారీల హారన్లు వినబడుతున్నాయి.

"పీరాంబీనా? చెయ్యి బాగలేనట్టుండాది దానికి. మంద అమ్మిన యేడు నుంచి వస్తాండాదిరా మనతో. పోనీ, ఎక్కించుకోని రాప్పా. రేపట్నించి చూసుకుందాం."

శివప్రసాద్ చెట్టు వైపు చూశాడు. ఆమె క్యారియర్ల మధ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. ఇప్పుడే తాను మెడ వంచి ఒప్పుకున్న కాగితంలోంచి ఆ మనిషి అంత తేలికగా బయటపడటం అతనికి ఎందుకో సహించలేదు.

"కాగితంలో అట్ల లేదు నాయనా. ఒకరికి వదిలితే రేపు అందరూ కూచుంటారు."

"అంతేనంటావా?"

"అంతే."

"నీకు తెల్సినంత నాకేం తెల్సురా," అన్నాడు చిన్నసుబ్బయ్య. ఫోను పెట్టేశాడు.

గుంపు బండి దగ్గరికి వచ్చింది. శివప్రసాద్ కట్టె కొసతో భుజాలు ముడుతూ ఎక్కించాడు. పీరాంబీ అందరి కన్నా వెనక, గంపను చంకన ఇరికించుకుని వచ్చింది. కట్టె అడ్డం పడింది.

"నీకు బండి లేదత్తా."

ఆమె నవ్వింది. తమాషా అనుకుంది. అతను కూడా నవ్వుతాడని మొహం వైపు చూస్తూ నిలబడింది. అతను నవ్వకపోయేసరికి ఆమె నవ్వు వంకరపడి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు పెదాల మీదే ఉండిపోయింది.

"కోతులొచ్చినాయి నాయనా," అంది. "రెండు కోతుల్ని తోలినా. ఎవురి క్యారియరూ పోలా. అడుగు వాళ్ళను."

బండిలో ఒకామె తన క్యారియరు మూత సరిగా పడిందో లేదో చూసుకుంది. ఇంకొకామె పీరాంబీకి చోటు ఉంచి కూర్చున్నదల్లా మెల్లగా జరిగి, ఆ చోటులో గంప పెట్టుకుంది.

"ఇదేందబ్బీ, జమ్మలమడుగు ఈడుందా ఆడుందా? ఎట్ల పోతా?"

"రోడ్డు మీద ఏదన్నా ఆటో వస్తాదిలే."

అతను ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవరు ఒకసారి అతని మొహం చూసి తాళం తిప్పాడు. బండి కదిలేటప్పుడు శివప్రసాద్ ఆగమని సైగ చేసి, కిటికీలోంచి చెయ్యి చాపి, తన నీళ్ళ సీసా పీరాంబీకి అందించాడు. "తాగత్తా," అన్నాడు. ఆమె ఎడమ చేత్తో అందుకుంది. బండి మలుపు తిరిగేదాకా అద్దంలో ఆమెనే చూస్తూ పోయాడు.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. కోతులు నిజం, ఆ తోటలో ఉన్నాయి, గుంపులో అందరూ చూశారు. ఏజెన్సీ ఆమె నవ్వు నిజం. కట్టె నిజం. నీళ్ళ సీసాను మాత్రం నేను పెట్టాను. ఉత్త చేతులతో ఆమెను ఆ ఎండలో నిలబెట్టి రావడానికి నాకే చెయ్యి ఆడలేదు. సీసా శివప్రసాద్ కాళ్ళ దగ్గర, సగం నీళ్ళతో, బండి కుదుపులకు దొర్లుతూ ఉంది. అతను అద్దంలోకి చూడనే లేదు. సంతకం వేలితో పెట్టాలా, అచ్చు తీసి పెన్నుతో పెట్టి పంపాలా అని గీతాంజలికి ఫోను చేసి అడుగుతున్నాడు.